తవరిది ఏ ఊరండి?

పదకొండు దాటింది. లైటు ఆర్పమని పిన్ని ఇప్పటికి రెండుసార్లు వచ్చి చెప్పి వెళ్ళింది. దోమతెరలో కూచుని ఫోనులో టైపు చేస్తున్నాను, అచ్చుతప్పులుంటే మీరే సర్దుకోండి. రేపు పొద్దున్నే బస్సు కాబట్టి ఈపాటికి పడుకోవాలి. నిద్ర రావడం లేదు. ఒక్క మాట, అదీ నేనన్న మాటే, నిన్న సాయంత్రం నుంచి గొంతులో చేపముల్లులా గుచ్చుకుంటోంది.

దాని సంగతి చెప్తాను. ముందు ఆ టోపీ ఆయన గురించి చెప్పనివ్వండి.

దిండిలో హౌస్‌బోటు ఎక్కాలన్నది చిన్నదాని పంతం. సంక్రాంతికి ఊరెళ్తే బొబ్బట్లు, కోడిపందేలు తప్ప ఏముంటుంది అని దీపావళి నుంచే మొదలెట్టింది. నేను ఎప్పట్లాగే ‘చూద్దాంలే’ అన్నాను, వాళ్ళమ్మ ఎప్పట్లాగే బుక్ చేసేసింది. మొన్న కనుమ రోజు జగ్గన్నతోట ప్రభల తీర్థంలో నా ఎడం చెప్పు పోయిన వైనం ఇంకో రోజు రాస్తాను. నిన్న ముక్కనుమ మధ్యాహ్నం పడవెక్కి, ఈరోజు మధ్యాహ్నం దిగాం. మొత్తం పదకొండు మందిమి. మేం ముగ్గురం, బెంగళూరు నుంచి వచ్చిన కుర్రాళ్ళు నలుగురు, ఓ కొత్త జంట, టోపీ ఆయనా ఆయన భార్యా.

పడవ కదిలి చించినాడ వంతెన ఇంకా కనిపిస్తూనే ఉంది, టోపీ ఆయన రెండు చేతులూ చాచి “అచ్చం కేరళే!” అన్నాడు. సరే, అందరూ అనేదే. కొబ్బరిచెట్టు కనిపిస్తే కేరళ, కాలువ కనిపిస్తే కేరళ, అరిటాకులో అన్నం పెడితే కేరళ. రాత్రి భోజనాల్లోపు ఆ మాట పదమూడుసార్లు అన్నాడాయన. లెక్కపెట్టాను. మా ఆవిడ నా మొహం చూసి మోకాలి మీద చెయ్యేసింది. ఆ చెయ్యికి అర్థం మీకు తెలుసు.

అక్కడితో ఆగినా బాగుండేది. నరసాపురం రేవు నుంచి సఖినేటిపల్లికి పంటు దాటుతుంటే, దాని మీద నిలబడ్డ మోటారుసైకిళ్ళనీ, పాలక్యాన్లనీ చిన్నదానికి చూపిస్తున్నాను. ఈయన పక్కకొచ్చి అండమాన్ అందుకున్నాడు. “హేవ్‌లాక్ చూశారా మీరు? ఇప్పుడు స్వరాజ్ ద్వీప్ అంటున్నారు లెండి. నీళ్ళు అద్దంలా ఉంటాయి, అడుగున చేప కనిపిస్తుంది. ద్వీపం అంటే అదీ. ఇవేం ద్వీపాలండీ, బురద గడ్డలు.”

బురద గడ్డలట!

బురదేనయ్యా. ఎక్కడెక్కడి మట్టినో తెచ్చుకుని గోదావరి ఇక్కడ దించుకుంటుంది. ముందు ఓ మేట వేస్తుంది. దాని మీద రెల్లు మొలుస్తుంది. రెల్లు వేళ్ళు ఇంకాస్త ఒండ్రుని పట్టుకుంటాయి. తర్వాత ఎవరో పశువుల్ని తోలుకొస్తారు, పొగాకు వేస్తారు, పాక వేస్తారు, కొబ్బరి నాటుతారు. అప్పుడది లంక. ఊడిముడిలంక, బూరుగులంక, కనకాయలంక, అన్నీ అలా ఏరు కట్టినవే. కట్టిన ఏరే మళ్ళీ కోసుకుపోతుంది కూడా. పగడాల దీవి గొప్పదే, కాదనను. కానీ దాంట్లో వంకాయ కాస్తుందా?

ఇదంతా ఆయనతో అన్నాననుకునేరు. మనసులో అనుకున్నాను. పైకి “అవునండీ” అన్నాను.

పులస గొడవ కూడా ఉంది. జనవరిలో పులస కావాలని వంటాయన ప్రాణం తీశాడు. అది వరద నీటికి ఎదురీదుతూ వచ్చే చేపండీ, వానాకాలంలో తప్ప దొరకదు అని ఆ కుర్రాడు చెప్తే, “ఫ్రిజ్‌లో పెట్టుకోరా మీరు?” అన్నాడు. పాపం ఆ కుర్రాడు ఏదో చేప పులుసు పెట్టాడు. ఈయన ముళ్ళు తీసుకుంటూ, “పులస కాదన్నారు గానీ, పులసే ఇది” అని తేల్చాడు.

బెంగళూరు కుర్రాళ్ళ స్పీకరు గురించి రాయను. పది దాటాక వాళ్ళంతట వాళ్ళే ఆపారు. లైఫ్ జాకెట్లు మాత్రం వాళ్ళే అందరికంటే ముందు వేసుకున్నారు. మా అమ్మకయితే జాకెట్ల ఫొటో పంపేదాకా ఫోను ఆగలేదు. 2019లో కచ్చులూరు దగ్గర పడవ మునిగినప్పుడు ఆవిడ టీవీ ముందు నుంచి ఎలా లేవలేదో అప్పుడే రాశాను. ఏటి ఒడ్డున పుట్టినవాళ్ళకే ఏరంటే ఎక్కువ భయం.

ఈ పడవకి పైన ఓ తెరచాప కూడా ఉందండోయ్. ఎర్ర చారల గుడ్డ, ఫొటోల కోసం. నడిపేది కింద ఉన్న డీజిలు ఇంజను. ఆ గుడ్డకెంత గాలి పట్టినా పడవ జానెడు కదలదు. కొత్త జంట దాని ముందు ఓ గంట నిలబడింది. నాకు నవ్వొచ్చింది గానీ, కాసేపటికి అది రెపరెపలాడే చప్పుడు విని నవ్వు ఆగిపోయింది.

1986 వేసవి. నాకు తొమ్మిదేళ్ళు. తాతయ్య నరసాపురంలో ఏదో పని చూసుకుని లంకకి తిరిగొస్తుంటే వెంట నేనున్నాను. బస్సులో వెళ్దామని నేను ఏడిస్తే, డబ్బులెందుకు, పోటు ఉంది, గాలి ఉంది అన్నాడు. ఎండాకాలం మధ్యాహ్నం దాటితే గాలి సముద్రం వైపు నుంచి లోపలికి కొడుతుంది. దానికి పోటు కూడా తోడైతే పడవ ఎగువకి దానంతటదే పోతుంది. చాపకి పాత పంచె గుడ్డ అతుకులు, గెడ పట్టుకున్న ఓ మనిషి, అంతే. పడవలో కుండలు, బెల్లం దిమ్మలు, రెండు మేకపిల్లలతో ఓ ముసలమ్మ, కాశీ వెళ్ళొచ్చిన పంతులుగారు ఒకరు. నేను తాతయ్య కండువా పరుచుకుని చాప కింద నీడలో పడుకున్నాను. నీళ్ళు చెక్కకి తగిలి గలగలమనడం చెవి కిందే వినిపిస్తుంది. ఆ చప్పుడు మళ్ళీ ఎక్కడా వినలేదు.

పొద్దు గూకాక గాలి పడిపోయింది. పోటు తిరిగి ఆటు మొదలైంది. పడవ మేటెక్కి కూచుంది. ఇక మళ్ళీ పోటొచ్చేదాకా, అంటే ఇంచుమించు ఆరు గంటలు, అక్కడే. ఎవరూ గాభరా పడలేదు. ముసలమ్మ ముంజలు కొట్టి తలా రెండు పెట్టింది. బెల్లం తెస్తున్నాయన ఓ దిమ్మ చివర విరిచి నా చేతిలో పెట్టాడు. చీకట్లో ఇసుక మీద కూచుని అందరం తిన్నాం.

ఎంత బాగుందో కదా! ఇక్కడిదాకా రాసి, అప్పటి ప్రయాణాలు, అప్పటి మనుషులు అని ఓ పేరా పెడదామనుకున్నాను. ఇంతలో మిగతాది గుర్తొచ్చింది. ఆ ఆరు గంటల్లో నాలుగు గంటలు నేను ఇంటికెళ్దామని ఏడుస్తూనే ఉన్నాను. దోమలు పీకేశాయి. మేకపిల్ల నా చొక్కా గుండీ తినేసింది. పైగా ఆ పంతులుగారు! కాశీలో ఘాట్లు ఇలా ఉంటాయి, గంగలో నీళ్ళు అలా ఉంటాయి, “గంగ ముందు ఇదెంతండీ, వానాకాలంలో అవతలి ఒడ్డే కనపడదు” అని రాత్రంతా ఒకటే వాయింపు. తాతయ్య చుట్ట కాలుస్తూ ప్రతిదానికీ “ఆయ్” అంటూ, చివరికి ఒక్కసారి మాత్రం, “రెణ్ణెల్లాగండి పంతులుగారూ, మాదీ కనపడదు” అన్నాడు.

నిజంగానే కనపడలేదు. ఆ ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటిన వరద వచ్చింది. తాతయ్యా వాళ్ళూ ఇంటి కప్పు మీద రెండు రాత్రులున్నారు. నీళ్ళు తీశాక చూస్తే తూర్పు వైపు కొబ్బరితోట లేదు, తోట కింద నేలా లేదు. ఆ పాడు మాట అన్నందుకే ఏరు విన్నదని అమ్మమ్మ పోయేదాకా ఆయన్ని సాధించింది. మిగిలిన ముక్క మావయ్య అమ్మడం, తర్వాత గొడవ మీకు తెలిసిందే, మళ్ళీ తవ్వను.

అంటే ప్రతి పడవలోనూ ఓ టోపీ ఆయన ఉంటాడన్నమాట. అసలు 2014లో మేం అలెప్పీ వెళ్ళినప్పుడు అక్కడి పడవాయనతో “అచ్చం మా కోనసీమే” అన్నది ఎవరు? నేనే. ఎన్నిసార్లన్నానో అడక్కండి, మా ఆవిడ ఇది చదువుతుంది.

సరే, ముల్లు.

నిన్న పొద్దువాలే వేళకి ఓ తిప్ప పక్కన లంగరేశారు. సరంగుకి అరవై దాటి ఉంటాయి. చుక్కాని దగ్గర బీడీ వెలిగించుకుంటున్నాడు. ఒడ్డున రెల్లు మొదళ్ళ దగ్గర నీటి గుర్తు చూసి, నాకు తెలియకుండానే “పోటెక్కుతోందా?” అన్నాను. ఆయన బీడీ తీసి, కొంచెం నిటారుగా కూచుని నన్ను చూశాడు. “ఆయ్, ఇప్పుడే తిరిగిందండి. తవరిది ఏ ఊరండి?”

“హైదరాబాదండీ” అన్నాను.

“ఆయ్” అన్నాడు. మళ్ళీ బీడీ నోట్లో పెట్టుకున్నాడు.

ఎందుకలా అన్నానో తెలీదు. పక్కన టోపీ ఆయన ఉన్నాడనా? అది కాదు. లంక పేరు చెప్తే వెంటనే “ఎవరి తాలూకండి?” అంటాడు, తాతయ్య పేరు చెప్పాలి, చెప్తే బహుశా ఆయనకి తెలిసే ఉంటుంది, అప్పుడు “ఆ తోట ఇప్పుడెవరు చూస్తున్నారండి?” అంటాడు. ఆ వరసంతా ఒక్క క్షణంలో నా కళ్ళ ముందు తిరిగింది.

అయినా అందులో అబద్ధమేముంది? ఇరవై నాలుగేళ్ళుగా హైదరాబాదే. ఓటు అక్కడ, నీళ్ళ బిల్లు అక్కడ, చిన్నది పుట్టింది అక్కడ. ఎవరైనా ఊరడిగితే ఉంటున్న ఊరే చెప్తారు. ఇలా సర్దిచెప్పుకుని రాత్రి పడుకున్నాను. పడుకున్నాక, కేరళలో మా కోనసీమ అన్నవాణ్ణి కోనసీమలో హైదరాబాదు అన్నానే అని గుర్తొచ్చింది, నిద్ర పోయింది.

పొద్దున్న అంతర్వేది బాగుంది. మంచు విడుతుంటే కొంగలు, అన్నాచెల్లెళ్ల గట్టు దగ్గర ఏరూ సముద్రమూ రెండు రంగుల్లో. చిన్నది ఓ అరగంట ఫోను ముట్టుకోలేదు.

ఇందాక భోజనాల దగ్గర పిన్నితో ఈ సంగతి అన్నాను. ఆవిడ మజ్జిగ పోస్తూ, “మా నాన్న రాజమండ్రి వెళ్తే మాది రాజోలు అనేవాడు, రాజోలొస్తే లంక పేరు చెప్పేవాడు. ఎదుటివాడికి తెలిసిన ఊరు చెప్తాం, దానికింత ఆలోచనా?” అంది. నిజమే. కానీ ఆ సరంగుకి తెలిసిన ఊరేదో నాకు తెలుసుగా పిన్నీ.

దిగేటప్పుడు దిండిలో మెట్ల దగ్గర వేరే బోటు అడ్డం ఉంది. మమ్మల్ని పక్కన గట్టుకి చేర్చాడు. జిగురు మట్టి, జాగ్రత్తండి అంటూ సరంగు తనే మోకాల్లోతు నీళ్ళలోకి దిగి ఒక్కొక్కరికీ చెయ్యందించాడు. మా ఆవిడకి, చిన్నదానికి, కుర్రాళ్ళకి కూడా. నా వంతు వచ్చేసరికి చెయ్యి వెనక్కి తీసుకుని, “తవరికెందుకండి” అన్నాడు.

కొత్త చెప్పులు చేత్తో పట్టుకుని, బొటనవేళ్ళు మట్టిలోకి నొక్కి దిగాను. వెనక నుంచి టోపీ ఆయన నా భుజం పట్టుకున్నాడు.