నైట్రేట్ మీద వెలుగు పని: ఆరో వారం

ఎట్టకేలకు రంగు దిగింది. వెలుగుతో నీళ్లలోని నైట్రేట్‌ని తగ్గించాలని చూస్తున్నాను. నైట్రేట్ కొలిచే టెస్ట్ ట్యూబులో ఐదు వారాలుగా అదే ముదురు ఎరుపు, అంటే నైట్రేట్ ఎక్కువే. ఆదివారం సాయంత్రం మాత్రం నారింజ రంగు తేలింది. పట్టలేని సంతోషంతో ట్యూబు తీసుకెళ్లి అమ్మకి చూపించాను.

ఈ పని మొదలైందే అమ్మ వల్ల. మా ఊరి బోరు నీళ్లలో నైట్రేట్ లీటరుకు 80 మిల్లీగ్రాముల దాకా ఉంది. తాగునీటికి హద్దు 45. పొలాల్లో యూరియా, ఇళ్ల సెప్టిక్ ట్యాంకులు, రెండూ కిందికే ఇంకుతాయి. అమ్మ కాచి చల్లార్చి తాగుతుంది. కాస్తే నైట్రేట్ పోదు, నీళ్లు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది.

మొదటి తప్పు దీపం దగ్గర. నేను కొన్న ఊదా ఎల్‌ఈడీ 395 నానోమీటర్లది. నేను వాడేది వెలుగు తగిలితే పనిచేసే తెల్లపొడి, అనటేజ్ రకం టైటానియం డయాక్సైడ్. దానికి 387 కంటే పొట్టి తరంగం కావాలి. 365 ఎల్‌ఈడీ తెచ్చాక కూడా ఉత్త తెల్లపొడితో నైట్రేట్ కదల్లేదు. పొడి మీద వెండి ఎక్కించాలి, నీళ్లలో ఫార్మిక్ ఆసిడ్ కలపాలి. వెలుగు తగిలితే పొడిలో ఎలక్ట్రాన్ లేచి, వెనక ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీని ఆసిడ్ పూడ్చకపోతే ఎలక్ట్రాన్ మళ్లీ అందులోకే పడిపోతుంది, నైట్రేట్‌దాకా రాదు.

వెండి కొలత ఇలా: గ్రాము పొడికి 16 మిల్లీగ్రాముల సిల్వర్ నైట్రేట్. నగల త్రాసు మీద అంత చిన్న తూకం నిలవదు. అందుకే 160 మిల్లీగ్రాములు 100 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్‌లో కరిగించి, 10 మిల్లీలీటర్లు తీసుకున్నాను. కుళాయి నీళ్లు వాడకండి, క్లోరైడ్‌తో కలిసి వెండి తెల్లగా విరిగిపోతుంది. కొద్దిగా ఫార్మిక్ ఆసిడ్ వేసి దీపం కింద తిప్పుతుంటే సున్నంలా ఉన్న పొడి మెల్లగా గోధుమరంగుకి తిరిగింది. తర్వాత మూడుసార్లు కడగాలి, లేకపోతే వెండితో వచ్చిన నైట్రేటే లెక్క చెడగొడుతుంది. గ్లోవ్స్ తప్పనిసరి. నా బొటనవేలి మీద నల్లమచ్చ ఇంకా పోలేదు.

పరీక్ష నీళ్లు: లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో 130 మిల్లీగ్రాముల పొటాషియం నైట్రేట్, అంటే 80 నైట్రేట్. 85 శాతం ఫార్మిక్ ఆసిడ్ 0.3 మిల్లీలీటరు, పొడి గ్రాము. గాలిలోని ఆక్సిజన్ ఎలక్ట్రాన్లు లాక్కుంటుంది కాబట్టి గాజు సీసా మెడదాకా నింపి మూత బిగించాను. కొలిచే ముందు సిరంజి ఫిల్టరుతో వడకట్టి, వంటసోడాతో పులుపు విరిచాను.

మూడు గంటలకి నైట్రేట్ దిగింది కానీ, నైట్రేట్ సగం దారిలో మారే నైట్రైట్‌ని కొలిచే ట్యూబు చిక్కటి ఊదా. నైట్రేట్ ఒక్కటే కొలిచి ఉంటే గెలిచాననుకునేవాణ్ణి. నైట్రైట్ దానికన్నా ప్రమాదం. ఆరు గంటలకి ఊదా పలచబడింది, నైట్రేట్ 40 దగ్గరకొచ్చింది, అమ్మోనియా ట్యూబులో లేత ఆకుపచ్చ. అంటే కొంత అమ్మోనియా అయింది. తగ్గినదంతా, నేను కోరుకున్నట్టు, నత్రజని వాయువైపోయిందని ఇంకా అనలేను. దీపం ఆర్పి రాత్రంతా తిప్పిన సీసా మాత్రం 80 దగ్గరే ఉంది.

ఈ నీళ్లు తాగేవి కావు, చేపల తొట్టిలోనూ పోయకూడదు. వచ్చే ఆదివారం అసలు బోరు నీళ్లు పెడతాను, పన్నెండు గంటలు, మూడు ట్యూబులూ గంట గంటకీ.