నేల ఉసిరికి పేరు తేల్చడం: డైకాటమస్ కీతో నా అనుభవం

ఎమ్మెస్సీ బోటనీలో మా ప్రాజెక్టు పొలం గట్ల మీది కలుపు మొక్కలను గుర్తించడం. నా వంతుకు నేల ఉసిరి వచ్చింది. కామెర్లకు ఊళ్లలో పసరు తాగించే మొక్క, దాన్ని ఎరగనివాళ్లు తక్కువ. కానీ ఫిల్లాంథస్ ప్రజాతిలో చూపుకి ఒకేలా ఉండే జాతులు చాలా ఉన్నాయి, వాటిలో కొన్నింటినీ జనం నేల ఉసిరి అనే పిలుస్తారు. అందుకే మా మేడమ్ ముందే చెప్పేశారు: "పేరు సంగతి వదిలెయ్ అమ్మా. అసలు ఎప్పుడూ చూడని మొక్క అనుకుని కీ మొదటినుంచి రా."

కీ అంటే జంట వాక్యాల వరుస. ఒక్కో జంటలో రెండు విరుద్ధ లక్షణాలు ఉంటాయి. మన మొక్కకు సరిపోయేదాన్ని పట్టుకుంటే పక్కనున్న నంబరు తర్వాతి జంటకు పంపుతుంది. ఫ్రెంచ్ ప్రకృతి శాస్త్రవేత్త లామార్క్ 1778 నాటి తన ఫ్రాన్స్ వృక్షజాల గ్రంథంలో వాడాక ఈ పద్ధతికి పేరొచ్చింది.

నన్నడిగితే సగం పని మొక్క పీకేటప్పుడే అయిపోవాలి. కీ ఎప్పుడు ఏ భాగం అడుగుతుందో తెలియదు. పువ్వూ, పండిన కాయా రెండూ ఉన్న మొక్కను వేరుతో సహా తీసుకోవాలి. వానాకాలంలో ఇది కష్టం కాదు.

కొమ్మను తిరగేసి పదిరెట్ల లెన్స్ పెట్టాను. ఆకుల కింద వరుసగా చిన్న చిన్న పువ్వులు. ఆకర్షణ పత్రాలు లేవు, ఉన్నది ఒక్క వలయమే. అంటే బెంథామ్, హుకర్‌ల పాత వర్గీకరణ పద్ధతిలో మోనోక్లామిడే, ఒకే వలయం ఉన్న పువ్వుల మొక్కల గుంపు. ఆడపువ్వులు వేరు, మగపువ్వులు వేరు, అండాశయంలో మూడు గదులు. తర్వాతి ప్రశ్న నాకు భలే నచ్చింది: గదికి ఒక అండమా, రెండా? తెల్ల కాగితం మీద కాయను సూదితో విప్పితే ఆరు గింజలు బయటపడ్డాయి. ఆముదం కాయలో మూడే ఉంటాయి కదా! పాత వర్గీకరణలో రెండూ ఒకే కుటుంబం. ఇప్పుడు ఆముదం యూఫోర్బియేసీలోనే ఉంది, నేల ఉసిరి ఫిల్లాంథేసీకి వెళ్లింది. గదికి రెండు అండాలు ఉండటం ఆ కుటుంబం గుర్తుల్లో ఒకటి.

అసలు టెన్షన్ జాతి దగ్గర మొదలైంది. రక్షక పత్రాలు ఐదా, ఆరా? పువ్వేమో రెండు మిల్లీమీటర్లు కూడా లేదు, ఒక పత్రం ముడుచుకుంటే లెక్క మారిపోతుంది. ఒక్క పువ్వును నమ్మకుండా వేర్వేరు కొమ్మల నుంచి తీసి, నీటిచుక్కలో విప్పి లెక్కపెట్టాను. అన్నిటికీ ఐదే. కాయ నున్నగా ఉంది, చిన్న కాడ ఉంది. మైక్రోస్కోప్ కింద గింజ మీద గీతలు నిలువుగా, దువ్వినట్టు కనిపించాయి. ఫిల్లాంథస్ యూరినేరియా అయితే రక్షక పత్రాలు ఆరు, కాయ మీద గరుకు బొడిపెలు, కాడ దాదాపు ఉండదు, గింజ మీద గీతలు అడ్డంగా ఉంటాయి. నాది ఫిల్లాంథస్ అమారస్ అని తేలింది. పాత ఫ్లోరాల్లో, అంటే ఒక ప్రాంతపు మొక్కలను వర్ణించే పుస్తకాల్లో, మన మొక్క ఫిల్లాంథస్ నిరూరి పేరుతో కనిపిస్తుంది గానీ, మొక్కలకు శాస్త్రీయ నామాలు పెట్టిన లిన్నేయస్ నిరూరి అన్నది అమెరికా ఖండాల మొక్క.

పేరు రాగానే పుస్తకం మూసెయ్యకూడదు. కీలో లేని మొక్కను తెచ్చినా అది ఏదో ఒక పేరు దగ్గర ఆగుతుంది, ఎందుకంటే ప్రతి జంటలోనూ మనం ఒకటి ఎంచుకోక తప్పదు. అందుకే పూర్తి వర్ణన చదివి, ఆకుల కొలతల నుంచి కేసరాల దాకా సరిచూశాను. మూడు కేసరాలు, కాడలు కలిసిపోయి ఉన్నాయి, వర్ణనలోనూ అంతే. ఆ తర్వాత హెర్బేరియంలో, అంటే ఎండబెట్టిన మొక్కలను భద్రపరిచే చోట, అదే జాతి మొక్కను అతికించిన షీటు తీయించి, నా మొక్కను పక్కన పెట్టి పోల్చాను. మేడమ్ కూడా లెన్స్‌తో గింజలు చూసి సరేనన్నాకే లేబుల్ మీద పేరు రాశాను.