పగటి మగత: మాత్ర ఒక్కటే సరిపోలేదు

రాత్రి ఎనిమిది గంటలు పడుకున్నా పొద్దున పదింటికల్లా రెప్పలు వాలిపోయేవి. మీటింగులో నోట్సు రాస్తుంటే అక్షరాలు వంకర్లు తిరిగి, చివరికి ఒట్టి గీతలయ్యేవి. బద్ధకం అనేవాళ్లు. ఆ మాటకి చాలా బాధపడేదాన్ని. థైరాయిడ్, హిమోగ్లోబిన్ పరీక్షల్లో ఏ తేడా లేదు.

నిద్ర సమస్యలు చూసే డాక్టరు గారు అడిగిన ఒక ప్రశ్న నన్ను ఆశ్చర్యపరిచింది: "పగలబడి నవ్వితే మోకాళ్లు పట్టు తప్పుతాయా?" తప్పుతాయి! దానికీ నిద్రకీ సంబంధం ఉంటుందని ఎన్నడూ అనుకోలేదు. రాత్రంతా తలకి వైర్లు అంటించి స్లీప్ స్టడీ చేశారు. మర్నాడు రెండేసి గంటలకోసారి పడుకోబెట్టి, ఎంతసేపట్లో నిద్ర పడుతుందో చూశారు. సగటున 8 నిమిషాల్లోపే నిద్రపట్టడం, రెండు సార్లైనా వెంటనే కలలొచ్చే దశలోకి జారడం నార్కోలెప్సీ, అంటే పగలు ఆపుకోలేనంత నిద్ర ముంచుకొచ్చే జబ్బు, లక్షణాలు. నాకు రెండూ ఉన్నాయి. నాలాగా నవ్వితే ఒంట్లో పట్టు సడలేవాళ్లలో, మెలకువని నిలిపి ఉంచే ఒరెక్సిన్ అనే రసాయనం మెదడులో బాగా తగ్గిపోతుందట. ఆ మాట విన్నాక బద్ధకం అన్న నింద నా మనసులోంచి పోయింది.

పొద్దున్నే మోడాఫినిల్ అనే, మెలకువగా ఉంచే మాత్ర వేసుకోమన్నారు. మొదట్లో తలనొప్పి వచ్చేది, మెల్లగా తగ్గింది. దాని ప్రభావం చాలా గంటలుంటుంది కాబట్టి సాయంత్రం వేసుకుంటే రాత్రి నిద్ర చెడుతుంది. గర్భనిరోధక మాత్రలు వాడే ఆడవాళ్లు ముందే డాక్టరుకి చెప్పాలి, వాటి పనితనాన్ని ఇది తగ్గిస్తుంది. ఒంటి మీద దద్దుర్లు వస్తే మందు ఆపి వెంటనే డాక్టరుని కలవాలి.

మాత్రతో పొద్దుటి పూట గడిచిపోయేది కానీ, మధ్యాహ్నం మళ్లీ తూగు వచ్చేది. అక్కడ నన్ను ఆదుకున్నది కునుకే. నిద్ర ముంచుకొచ్చేదాకా ఆగకుండా, రాకముందే టైము ప్రకారం పడుకోవాలి. అలారం పెట్టుకుని పావుగంట, మహా అయితే ఇరవై నిమిషాలు. లేచాక మొహం కడుక్కుంటే తల తేలికవుతుంది. ఇదీ వైద్యంలో భాగమేనని డాక్టరు గారు రాసిచ్చిన కాగితం ఆఫీసులో చూపించాను, ఒప్పుకున్నారు.

సాయంత్రం వేగంగా నడుస్తాను. వ్యాయామం వల్ల జబ్బు పోదు, కానీ నడిచిన రోజు రాత్రి మధ్యలో మెలకువలు తక్కువ. పడుకునే వేళకి దగ్గరగా మాత్రం చెయ్యను.

బండి విషయంలో ఇప్పటికీ కచ్చితంగా ఉంటాను. కునుకు తీసుకోని రోజు తాళం ముట్టుకోను.