అవతలి పక్షం సిపాయి కోసం గ్వాలియర్

ఫూల్‌బాగ్ దగ్గర ఆటో ఆపి, “రాణి సమాధికేనా బాబూజీ?” అని అడిగాడు డ్రైవరు. అవునన్నాను. అది సగమే నిజం. నేను వెతుక్కుంటూ వచ్చింది జాన్ పియర్సన్ అనే ఇంగ్లీషు ఆశ్విక సైనికుణ్ణి. ఝాన్సీ లక్ష్మీబాయి చివరి యుద్ధంలో అవతలి పక్షాన గుర్రం మీద ఉన్నవాణ్ణి. ఆ మాట ఆ ఆవరణలో నిలబడి చెప్పడానికి నోరు రాలేదు.

తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌లో వచ్చాను. అర్ధరాత్రి దాటాక ఝాన్సీలో రైలు ఆగింది. ఇప్పుడు ఆ స్టేషను పేరు వీరాంగన లక్ష్మీబాయి ఝాన్సీ. జూన్‌లో ఆ వైపు వెళ్ళవద్దని తెలిసినవాళ్ళందరూ చెప్పారు కానీ, ఆ యుద్ధం జరిగింది 1858 జూన్ 17న. ఆ ఎండ ఎలాంటిదో ఒంటికి తెలియకుండా ఆ కథ అర్థం కాదనిపించింది.

పియర్సన్ 1825లో లీడ్స్ పక్కన సీక్రాఫ్ట్‌లో పుట్టాడు. ఎనిమిదో హుస్సార్ల (తేలికపాటి ఆశ్విక దళం) రెజిమెంటులో సాధారణ సిపాయి. క్రిమియా యుద్ధంలో బాలాక్లావా దగ్గర రష్యన్ ఫిరంగుల ఎదుటికి దూసుకుపోయిన లైట్ బ్రిగేడ్‌లో ఆ రెజిమెంటూ ఉంది. మూడేళ్ళు తిరగకుండానే, సిపాయిల తిరుగుబాటును అణచడానికి వాళ్ళను ఓడ ఎక్కించి హిందూదేశానికి పంపారు. రాజపుతానా (నేటి రాజస్థాన్) మీదుగా వచ్చిన బ్రిగేడియర్ స్మిత్ దళంతో పాటు వాళ్ళు గ్వాలియర్ చేరారు. అప్పటికే రాణి, తిరుగుబాటు నాయకులు తాంతియా తోపే, రావు సాహెబ్ గ్వాలియర్‌ను పట్టుకున్నారు. గ్వాలియర్‌ను ఏలే సింధియా మహారాజు ఆగ్రాకు పారిపోయాడు.

పోరు మొదలైన కోటా-కీ-సరాయి గ్వాలియర్‌కు ఆగ్నేయాన కొన్ని మైళ్ళ దూరంలో ఉంది. ఉదయం తొమ్మిది దాటేసరికే గాలి నిప్పుల సెగలా కొడుతోంది. మెడ మీద తడిగుడ్డ వేసుకుంటే నాలుగడుగులు వేసేలోపే ఆరిపోతోంది. నేను నూలు చొక్కాలో ఉన్నాను, చేతిలో నీళ్ళ సీసా ఉంది. ఆ హుస్సార్లు ప్రయాణ బడలికతోనే గుర్రాలెక్కి, కత్తులు దూసి, ప్రత్యర్థి శిబిరం మధ్యలోంచి దూసుకుపోయి రెండు ఫిరంగులను పట్టుకొచ్చారు. కోట నుంచీ పట్టణం నుంచీ గుళ్ళు కురుస్తూనే ఉన్నాయి. ఆ తర్వాత అధికారులూ సిపాయిలూ జీను మీద నిలవలేనంతగా సొమ్మసిల్లారని ఆనాటి నివేదికలు చెబుతాయి. స్మిత్ దళాన్ని వెనక్కి, కొండల వైపు తీసుకుపోవలసి వచ్చింది.

రాణిని కొట్టింది ఆ హుస్సార్లలో ఒకడేనని అంటారు. ఆమె మగ రౌతు వేషంలో ఉంది కనుక, తన ఎదుట ఉన్నది ఎవరో అతనికి తెలియదు. అతని పేరు చరిత్రకూ తెలియదు. అది పియర్సనే అనడానికి ఏ ఆధారమూ లేదు, నేను అననూ అనను.

అతని పేరు నిలిచింది వేరే దారిలో. ఆ దాడికి నాలుగు విక్టోరియా క్రాస్‌లు, అంటే యుద్ధంలో ధైర్యానికి బ్రిటన్ ఇచ్చే అత్యున్నత పతకాలు, ఇచ్చారు. ఎవరికి ఇవ్వాలన్నది పైవాళ్ళు తేల్చలేదు. అందరూ సమానంగా తెగించి పోరాడిన దళమైతే తోటివారే ఓటు వేసి ఎంచుకోవచ్చని ఆ పతకం నిబంధనల్లో ఉంది. అలా కెప్టెన్ హెనీజ్, సార్జెంట్ జోసెఫ్ వార్డ్, గుర్రాలకు లాడాలు కొట్టే జార్జ్ హోలిస్, సిపాయి పియర్సన్ ఎన్నికయ్యారు. తన దేశాన్ని ఏలే పార్లమెంటుకు ఓటు వేసే హక్కు ఆనాటి మామూలు ఇంగ్లీషు సిపాయికి దాదాపు లేనట్టే. తమలో ధైర్యవంతుడెవరో చెప్పడానికి మాత్రం ఓటు ఉంది! నన్ను ఇంత దూరం లాక్కొచ్చింది ఆ వింతే.

ఫూల్‌బాగ్‌లో రాణి కంచు విగ్రహం గుర్రం మీద, కత్తి ఎత్తి ఉంటుంది. రాణి స్మృతిగా జరిపే బలిదాన్ మేళా రోజులు కావడంతో జనం పూలు తెస్తున్నారు. ఒక తల్లి తన కూతుర్ని ఎత్తుకుని వేదికను తాకించింది. తర్వాత గంగాదాస్ శాల అనే సాధువుల మఠానికి వెళ్ళాను. రాణి దేహం తెల్లవాళ్ళ చేతికి చిక్కకుండా ఇక్కడి సాధువులు ప్రాణాలొడ్డి పోరాడారని చెప్పుకుంటారు. అక్కడి పూజారి ఆ కథ నిన్న జరిగినట్టే చెప్పాడు. నా సిపాయి సంగతి ఆయనకు చెప్పాను. కోపం రాలేదు. “వాడూ కూలికి వచ్చినవాడే కదా” అని, బెల్లం ముక్క పెట్టి నీళ్ళిచ్చాడు.

సాయంత్రం కోట ఎక్కాను. అక్కడి మాన్‌మందిర్ రాజప్రాసాదం గోడల మీది నీలి పలకలు చూడదగ్గవే కానీ, నా చూపంతా కిందికే. ఆ ఎత్తు నుంచి చూస్తే ఫిరంగి గుండుకు దాపు లేని మైదానం ఎంత మేర ఉందో తెలుస్తుంది. ఇప్పుడు అదంతా ఇళ్ళూ నీళ్ళ ట్యాంకులూ.

పియర్సన్ ఆ తర్వాత పంతొమ్మిదో హుస్సార్లకు మారాడు. చివరికి కెనడా వలస వెళ్ళి, 1892లో ఒంటారియోలో, లయన్స్ హెడ్ దగ్గర కన్నుమూశాడు. అక్కడి దాకా వెళ్ళాలని ఉంది. అది వీసా ఇచ్చేవాళ్ళ దయ.