పెన్‌డ్రైవ్‌లో బాణం గుర్తులు

నిన్న చీమకుర్తి ఆఫీసులో గుండె ఆగినంత పనైంది. ప్రింట్ల కోసం జిరాక్స్ షాపుకి పంపిన పెన్‌డ్రైవ్ తిరిగొచ్చాక తెరిస్తే, ప్రతి ఫోల్డర్ మీదా మూలన చిన్న బాణం గుర్తు. అన్నీ షార్ట్‌కట్లే, అసలు ఫోల్డర్లు కావు! మూడేళ్ల గ్రానైట్ బిల్లులున్నది అందులో మాత్రమే. చేతులు చల్లబడ్డాయి.

ఒంగోలు నుంచి సర్వీసు కుర్రాడు వచ్చేదాకా నేను దేన్నీ ముట్టుకోలేదు. అదే మంచిదైంది. "ఫైళ్లు ఎక్కడికీ పోలేదక్కా. వైరస్ వాటిని దాచేసి, అవే పేర్లతో షార్ట్‌కట్లు పెట్టింది. నొక్కుంటే మీ సిస్టమ్‌కీ ఎక్కేది" అన్నాడు. స్కాన్ చేసి, దాగినవి బయటికి తీశాడు. ఒక్కో బిల్లూ కనబడుతుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి.

మాది ఇంకా విండోస్ 7. 2020 జనవరిలోనే మైక్రోసాఫ్ట్ దానికి మామూలు అప్‌డేట్లు ఆపేసింది. 2017 మేలో ఫైళ్లకు తాళం వేసి డబ్బులడిగే వన్నాక్రై వైరస్ ప్రపంచాన్ని వణికించినప్పుడు, దాన్ని ఆపే అప్‌డేట్ అంతకు రెండు నెలల ముందే వచ్చి ఉందట. వేసుకోనివాళ్లే ఎక్కువగా చిక్కుకున్నారు. వింటుంటే భయమేసింది.

సార్‌తో గట్టిగానే మాట్లాడాను, కొత్త సిస్టమ్‌కి ఒప్పుకున్నారు. ఈ రోజు బిల్లులన్నీ బయటి హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేసి, కేబుల్ పీకి బీరువాలో పెట్టాను. తగిలించే ఉంచితే దాన్నీ తాళం వేసే వైరస్‌లు ఉన్నాయట.