హెల్గోలాండ్ వెళ్లే ముందు కెమెరాకు బీమా

ఈ జూన్‌లో నేనూ మా ఆవిడా జర్మనీలో ఉంటున్న మా అమ్మాయి దగ్గరకు వెళ్తున్నాము. అక్కడి నుంచి రెండు రోజులు వీలు చేసుకొని, ఉత్తర సముద్రంలో ఉన్న హెల్గోలాండ్ దీవికి పోయి, ఎర్రటి కొండచరియల మీద గూళ్లు కట్టుకునే గానెట్ పక్షులను ఫొటోలు తీయాలని, కోరింగ మడ అడవుల్లో పదేళ్లుగా పక్షుల వెంట తిరుగుతున్న నాకు ఎప్పటి నుంచో ఉంది. టిక్కెట్లు కొన్నాక నాకు పట్టుకున్న బెంగ వీసా గురించి కాదు, సంచిలో ఉన్న సామాను గురించి. కెమెరా బాడీ, పొడవాటి టెలిఫొటో లెన్సు, ఒక చిన్న లెన్సు కలిపి ఈ రోజు కొనాలంటే మూడు లక్షల రూపాయలకు తక్కువ కాదు. నాలుగేళ్ల క్రితం సఖినేటిపల్లి రేవులో పంటు దిగుతుండగా సంచి పట్టీ తెగి ఒక లెన్సు నీళ్ల పాలైనప్పుడు, దానికి బీమా లేకపోవడంతో ఆ నష్టమంతా నేనే భరించాను.

మొదట అందరిలాగే నేనూ ఒక పొరపాటు చేశాను. జర్మనీకి కావలసిన షెంగెన్ వీసా కోసం కనీసం 30,000 యూరోల వైద్య బీమా చూపించాలి కనుక ప్రయాణ బీమా ఎలాగూ తీసుకుంటున్నాము, కెమెరా కూడా అందులోనే వచ్చేస్తుందనుకున్నాను. వీసాకు కావలసింది జబ్బు చేస్తే వైద్యానికీ, అవసరమైతే మనిషిని స్వదేశానికి చేర్చడానికీ అయ్యే ఖర్చు మాత్రమే. పాలసీలో సామాను మాట కూడా ఉంటుంది గాని, నేను చదివిన మూడింటిలోనూ అది విమాన సంస్థకు అప్పగించిన పెట్టె పోతే ఇచ్చే పరిహారమే. అందులోనూ ఒక్కో వస్తువుకు చిన్న పరిమితి పెట్టి, రెండింటిలో కెమెరాలను ఏకంగా మినహాయించారు. కెమెరాను ఎవరూ పెట్టెలో వేసి అప్పగించరు. విడి లిథియం బ్యాటరీలనైతే వేయనివ్వరు కూడా, అవి చేతి సంచిలోనే ఉండాలి. అంటే చేతిలో ఉన్న వస్తువుకు రక్షణ లేదు, రక్షణ ఉన్న పెట్టెలో ఆ వస్తువు ఉండదు.

విమాన సంస్థ బాధ్యత సంగతి కూడా చూశాను. 1999 నాటి మాంట్రియల్ ఒడంబడిక ప్రకారం సామాను నష్టానికి ఒక ప్రయాణికుడికి ఇచ్చే పరిహారం 2024 డిసెంబరు చివరి నుంచి గరిష్ఠంగా 1,519 ఎస్‌డీఆర్‌లు (అంతర్జాతీయ ద్రవ్యనిధి లెక్కలకు వాడే ప్రమాణం), అంటే మన డబ్బులో లక్షన్నర పైచిలుకు. అది గరిష్ఠం మాత్రమే, నష్టమెంతో మనం రుజువు చేసుకోవాలి. అప్పగించిన పెట్టె దెబ్బతింటే ఏడు రోజుల్లోగా రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. మన చేతిలో ఉన్న సంచికి ఏదైనా జరిగితే, అది వారి తప్పు వల్లే జరిగిందని మనమే నిరూపించాలి. దీన్ని నమ్ముకొని బయలుదేరే పని కాదని అక్కడితో వదిలేశాను.

మిగిలింది సాధారణ బీమా సంస్థలు ఇచ్చే ఆల్ రిస్క్ పాలసీ. చోరీ, అగ్నిప్రమాదం, అనుకోకుండా కింద పడి పగలడం వంటివన్నీ ఇందులోకి వస్తాయి. పేరులో ‘ఆల్’ ఉన్నా మినహాయింపుల జాబితా మాత్రం పొడవుగానే ఉంటుంది. వాడకం వల్ల అరగడం, లోపలి యంత్రం దానంతటదే పాడవడం, కస్టమ్స్ వారు స్వాధీనం చేసుకోవడం, క్రమంగా పట్టే తుప్పూ బూజూ దీని కిందకు రావు. లెన్సుకు ఫంగస్ పట్టడం మన డెల్టాలో ప్రతి వానాకాలం ఉండే బాధే కనుక దానికి తేమ పీల్చే సిలికా జెల్ డబ్బాయే బీమా అనుకోవాలి. అంతకంటే ముఖ్యమైనది, మామూలుగా ఈ పాలసీ భారతదేశం ఎల్లల లోపలే చెల్లుతుంది. విదేశాలకు కూడా వర్తించాలంటే అదనపు ప్రీమియం కట్టి, ఆ మాటను పాలసీ మీద ఎండార్స్‌మెంట్‌గా రాయించుకోవాలి. నోటిమాటగా ‘ప్రపంచమంతా చెల్లుతుందండి’ అంటే సరిపోదు.

ఇక్కడే నేను ఎక్కువ సమయం పెట్టాను. బీమా మొత్తం ఎంత అన్నది చూడటం మానేసి, ప్రయాణంలో నా సంచి ఏ గంటకు ఎక్కడ ఉంటుందో ఒక కాగితం మీద రాసుకొని, ప్రతి చోటా పాలసీ షరతులు ఏమంటాయో సరిచూసుకున్నాను. రైల్లో సంచిని తల మీది అరలో పెట్టి నేను టీ కోసం వెళ్లిన ఐదు నిమిషాల్లో అది పోతే? ‘కనిపెట్టుకొని లేని సామాను’ అన్న మినహాయింపు కిందకు వస్తుంది. అల్లుడి కారులో పెట్టి భోజనానికి వెళ్తే? తాళం వేసిన కారు అద్దం పగలగొట్టిన ఆనవాలు ఉంటేనే చోరీ కింద లెక్క, అది కూడా సంచి బయటికి కనపడకుండా డిక్కీలో ఉన్నప్పుడు. కొండచరియ అంచున గాలికి ట్రైపాడ్ ఒరిగి కెమెరా కింద పడితే వస్తుంది. ఎక్కడ పోయిందో తెలియకుండా మాయమైతే రాదు. మా మిత్రుడొకరికి సరిగ్గా కారు విషయంలోనే దెబ్బ తగిలింది. తాళం వేశానని ఆయన అంటాడు, ఆనవాలేదని కంపెనీ అంది, క్లెయిమ్ తిరిగి వచ్చేసింది. ఆ పాలసీని ఆయన అంతకుముందు ఒక్కసారి కూడా విప్పి చూడలేదట.

విలువ నిర్ణయించే దగ్గర మా నాన్నగారి కొబ్బరి తోట గుర్తుకు వచ్చింది. కొబ్బరి చెట్ల బీమాలో నాలుగేళ్ల నుంచి అరవై ఏళ్ల ఈడు చెట్లను తీసుకుంటారు. పదహారేళ్లు నిండిన చెట్టుకు లేత చెట్టు కంటే ఎక్కువ విలువ కడతారు. కెమెరా సంగతి దీనికి పూర్తిగా తలకిందులు. ఈడు పెరిగే కొద్దీ తరుగుదల పేరుతో విలువ కోసేస్తారు. అందుకని పోయిన వస్తువుకు మార్కెట్ విలువ ఇస్తారా, కొత్తది కొనుక్కునే ఖర్చు ఇస్తారా అన్నది ముందే అడగాలి. ప్రీమియం తగ్గించుకుందామని విలువను తగ్గించి రాయిస్తే మరో చిక్కు ఉంది. మూడు లక్షల సామానుకు రెండు లక్షలకే బీమా చేయిస్తే, 90,000 రూపాయల నష్టం జరిగినప్పుడు అదే నిష్పత్తిలో 60,000 మాత్రమే ఇస్తారు. ఎక్సెస్ కింద మనం భరించవలసిన మొత్తాన్ని అందులో నుంచీ తీసేస్తారు. ప్రీమియం మీద 18 శాతం జీఎస్‌టీ అదనం.

మా ఏజెంటు ఒకప్పుడు నా విద్యార్థి. అతను ఫారం నింపుతూ, “మాస్టారూ, మీరు ఫొటోలకు డబ్బులు తీసుకుంటారాండీ?” అని అడిగాడు. పెళ్లిళ్లు తీయను గాని, రెండు పత్రికలు నా పక్షుల ఫొటోలు వేసి పారితోషికం పంపిన మాట నిజమని చెప్పాను. “ఆయ్, అది కూడా రాసేద్దామండి,” అన్నాడు. వృత్తిగా వాడే కెమెరాకు ప్రీమియం వేరుగా ఉంటుంది. దాచిపెట్టి కట్టిన పాలసీని, క్లెయిమ్ వచ్చిన రోజున ఆ దాచిన కారణం మీదే కొట్టివేయవచ్చు. నా విషయంలో తేడా కొన్ని వందలకు మించలేదు.

చివరికి బాడీకీ పెద్ద లెన్సుకే బీమా చేయించాను. చిన్న లెన్సు, ట్రైపాడ్, ఫిల్టర్లు పోతే పోయాయి. వాటికి కట్టే ప్రీమియం కంటే ఎక్సెస్ కోతే ఎక్కువ బాధిస్తుంది. బిల్లులు, సీరియల్ నంబర్లు కనిపించే ఫొటోలు మా అమ్మాయికి పంపి ఉంచాను. జర్మనీలో చోరీ జరిగితే అక్కడి పోలీసుల దగ్గర రాతపూర్వక ఫిర్యాదు తీసుకోవాలనీ, కంపెనీకి వెంటనే తెలియజేయాలనీ, పగిలిన వస్తువును వారి అనుమతి లేకుండా అక్కడ బాగు చేయించకూడదనీ ఏజెంటు చేత విడిగా రాయించుకున్నాను. క్లెయిమ్ విషయంలో కంపెనీతో తేల్చుకోలేకపోతే హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు, కంపెనీ నిరాకరించిన ఏడాది లోపల, రుసుము లేకుండా ఫిర్యాదు చేయవచ్చు. రెండు తెలుగు రాష్ట్రాలతో పాటు మన పక్కనున్న యానాం కూడా ఆ కార్యాలయం పరిధిలోనిదే.

బీమాకు సంబంధం లేకపోయినా ఇంకొక్క కాగితం అవసరం. హైదరాబాదులో విమానం ఎక్కే ముందు కస్టమ్స్ వారికి కెమెరా చూపించి, సీరియల్ నంబరుతో ఎగుమతి ధ్రువపత్రం తీసుకుంటే, తిరిగి వచ్చేటప్పుడు అది విదేశంలో కొన్నది కాదని చెప్పుకోవడం తేలిక. దానికోసం విమానాశ్రయానికి గంట ముందుగా చేరాలని అనుకున్నాము.

పోయిన సోమవారం పాలసీ చేతికి వచ్చింది. కళ్లద్దాలు పెట్టుకొని లెన్సు మీది అంకెలతో సరిచూస్తే, సీరియల్ నంబరులో 6 ఉండవలసిన చోట 8 పడింది. శుక్రవారానికి ఏజెంటు సరిదిద్దిన కాగితం తెచ్చి ఇచ్చాడు.