బేగ రాకపోయినా

"అమ్మా, నేను అప్లై చెయ్యను" అంది మా అమ్మాయి, చెప్పులు విప్పుతూనే. భుజం మీది బ్యాగు కూడా దించలేదు.

మొదటి యూనివర్సిటీ గడువుకి ఇంకా పది రోజులే ఉంది. అమెరికాలో స్పీచ్ లాంగ్వేజ్ పాథాలజీ, అంటే మాట సమస్యలకి థెరపీ చేసే చదువు, దాని మాస్టర్స్‌కి చాలా కాలేజీల గడువులు డిసెంబరుకీ ఫిబ్రవరికీ మధ్యలోనే ఉంటాయి. చాలావాటికి సీఎస్‌డీక్యాస్ అనే ఒకే పోర్టల్ నుంచి పంపాలి. అందులో మార్కులన్నీ ఎక్కించేసింది. రికమెండేషన్ లెటర్లు రాస్తామని మేడమ్‌లు ఒప్పుకున్నారు. మిగిలింది ఒక్క ఎస్సే. ఈ రంగాన్ని ఎందుకు ఎంచుకున్నావో రాయాలి. మూడు వారాలుగా ఆ పేజీ ఖాళీగానే ఉంది.

ఏమైందే అని అడిగాను.

"ఇవాళ క్లినిక్‌కి ఒక తెలుగావిడ వచ్చింది. మూడేళ్ళ బాబు, ఇంకా మాటలు లేవు. ఇంట్లో తెలుగు మానేసి ఇంగ్లీషే మాట్లాడమంటారా అని నన్నడిగింది. జవాబు నాకు తెలుసమ్మా. ఇంగ్లీషులో పది నిమిషాలు చెప్పగలను, కన్నడలోనూ చెప్పగలను. తెలుగులో మాత్రం నోరు పెగల్లేదు. నువ్వు పక్కన నిలబడి వింటున్నట్టే అనిపించింది. చివరికి మా మేడమ్ కన్నడలో చెప్తే, వాళ్ళాయన ఆవిడకి తెలుగులో చెప్పాడు. సొంత భాషలో ఒక తల్లికి ధైర్యం చెప్పలేనిదాన్ని, నేనేం థెరపిస్టునమ్మా?"

గదిలోకి వెళ్ళిపోయింది. నేను పొయ్యి దగ్గరే నిలబడిపోయాను. ఆ తల్లి అడిగిన ప్రశ్న నాకు కొత్తది కాదు.

2013లో మా వాడికి మూడేళ్ళు. పది పన్నెండు మాటలకు మించి వచ్చేవి కావు. నీళ్ళు కావాలంటే నా చెయ్యి పట్టుకుని ఫిల్టర్ దగ్గరికి లాక్కెళ్ళేవాడు. మేం ఉండేది బెంగళూరులో. ఇంట్లో తెలుగు, కింద ఆడుకునే పిల్లలతో కన్నడ, ప్లేస్కూల్లో ఇంగ్లీషు. చూపించిన చోట ఒక పెద్దాయన, "ఇన్ని భాషలైతే పిల్లాడు కన్‌ఫ్యూజ్ అవుతాడు. ఒక్కటే పెట్టుకోండి. ఎలాగూ బడిలో ఇంగ్లీషే కదా" అన్నారు. మారు మాట్లాడకుండా ఒప్పుకుని వచ్చేశాం. ఆ సాయంత్రం నుంచే వాడితో తెలుగు బంద్.

నా ఇంగ్లీషు ఆఫీసు ఇంగ్లీషు. మీటింగుకి పనికొస్తుంది గానీ పిల్లాణ్ణి ముద్దు చేయడానికి రాదు. అన్నం కలిపి పెడుతూ కాకి కబుర్లు, పిచ్చుక కబుర్లు చెప్పడం మా అమ్మ దగ్గర నేర్చుకున్నాను. అవి ఇంగ్లీషులో నాకు చెప్పడం చేతకాదు. "ఈట్, కమ్, గుడ్ బాయ్" దగ్గర ఆగిపోయేదాన్ని. వాడికి మాటలు రావాలని ఇంట్లో మాటలే తగ్గించేశాం. రాత్రి పడుకోబెట్టేటప్పుడు జోల పాడటం అలవాటు. అందులో మాటలు తెలుగువి కదా అని, మాటలు వదిలేసి ఉత్త రాగం తీసేదాన్ని. పక్క మంచం మీద పదేళ్ళ మా అమ్మాయి ఒక రాత్రి అడిగింది: "అమ్మా, పాటలో మాటలేమయ్యాయి?"

పడుకోమని కసురుకున్నాను.

మా వాడికి థెరపీతో మాటలు వచ్చాయి, ఆరేళ్ళకి బాగానే మాట్లాడాడు, ఇంగ్లీషులో. ఇప్పుడు పదిహేనేళ్ళు. తెలుగు చెప్తే అర్థమవుతుంది, బదులు మాత్రం ఇంగ్లీషులోనే వస్తుంది. తెనాలి నుంచి మా అమ్మ ఫోన్ చేస్తే వాడు ఆపకుండా కబుర్లు చెప్తాడు, ఆవిడ కాసేపు విని, "ఏమంటున్నాడే వాడు?" అని మనవరాల్ని అడుగుతుంది. పన్నెండేళ్ళుగా మా ఇంట్లో అమ్మమ్మ మాట మనవడికీ, మనవడి మాట అమ్మమ్మకీ చేరవేసింది మా అమ్మాయే. ఒక్కసారి కూడా విసుక్కోలేదు.

తను బీఏఎస్‌ఎల్‌పీ (మాట, వినికిడి సమస్యల మీద డిగ్రీ) రెండో ఏడాదిలో ఉండగా ఒక రోజు నా పక్కన కూర్చుని మెల్లగా చెప్పింది. రెండు మూడు భాషలు వినడం వల్ల పిల్లలకి మాటలు ఆలస్యం కావట. ఆలస్యమైన పిల్లలు, ఆటిజం ఉన్నవాళ్ళు, డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్ళు కూడా రెండు భాషలు నేర్చుకోగలరట. పిల్లాడికి కావలసింది మాటల ధార అనీ, తల్లికి ఏ భాష బాగా వస్తే ఆ ధార ఆ భాషలోనే ఉంటుందనీ చెప్పింది. "నీ తప్పు కాదమ్మా, అప్పట్లో చాలామంది అలాగే చెప్పేవాళ్ళు" అంది. మేం ఇంట్లో తెలుగు మానేసిన ఆ 2013లోనే హైదరాబాద్ నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి, ఆమె బృందం 648 మంది డిమెన్షియా రోగుల మీద చేసిన అధ్యయనం వెలువడింది. ఒకటికి మించి భాషలు మాట్లాడేవాళ్ళలో ఆ జబ్బు సగటున 4.5 ఏళ్ళు ఆలస్యంగా మొదలైందనీ, చదువు రానివాళ్ళలో కూడా ఆ తేడా కనిపించిందనీ అందులో తేలింది. అది ముసలితనం సంగతి, పిల్లల మాటలతో కలిపెయ్యకు అని మా అమ్మాయి హెచ్చరించింది. కలపను. కానీ నా మనసులో ఆ రెండూ ఒకే సంవత్సరం కింద పడి ఉన్నాయి. మన ఊళ్ళో, మన వాళ్ళనే చూసి, ఇన్ని భాషలు ఒక ఆస్తి అని వాళ్ళు లెక్క తేలుస్తున్నప్పుడు, నేను ఆ ఆస్తిని నా కొడుక్కి లేకుండా చేస్తున్నాను.

ఇది ఒక తప్పు. రెండోది దీనికి పూర్తిగా ఎదురుది, ఎక్కువ కాలం చేసిందీ అదే.

కొడుకు దగ్గర తెలుగు మానేశాను కదా, ఆ లోటంతా కూతురి దగ్గర తీర్చుకోవాలనుకున్నాను. దానికి తెలుగు వచ్చు, పుట్టినప్పటి నుంచీ మాట్లాడుతుంది. కానీ పెరిగింది బెంగళూరులో. దాని తెలుగులో కన్నడ కలుస్తుంది. "స్వల్ప జరుగమ్మా" అనేది. "బేగ రా" అనేది. అన్నప్పుడల్లా ఆపేదాన్ని. "స్వల్ప కాదు, కొంచెం. బేగ కాదు, త్వరగా. మళ్ళీ చెప్పు." అది ఏం చెప్పబోయిందో సగంలోనే పోయేది. బడిలో ఎవరో ఏడిపించారని చెప్పడానికి వచ్చిన రోజున కూడా మాటే దిద్దాను గానీ సంగతి వినలేదు. మెల్లగా నాతో ముఖ్యమైనవన్నీ ఇంగ్లీషులో చెప్పడం మొదలుపెట్టింది. తెలుగు అంటే పట్టింపు లేదని నేను నొచ్చుకున్నాను.

ఒకసారి బొబ్బిలి నుంచి మా అత్తగారు వచ్చారు. గుమ్మంలో మనవరాలు "నాన్నమ్మా, బేగ రా" అంటే ఆవిడ ముఖం వెలిగిపోయింది. "మా తల్లే, అచ్చం మన ఊరి మాటే" అని దగ్గరికి తీసుకున్నారు. వాళ్ళ వైపు బేగి అంటారు. బడి పుస్తకాల్లో లేదు గానీ ఉత్తరాంధ్రలో ఇంటింటా ఉన్న మాట. నా పిల్ల నోట్లో అది కన్నడ నుంచి వచ్చిందో, వాళ్ళ నాన్న నెత్తురులోంచి వచ్చిందో నేను ఆలోచించనే లేదు. తెనాలిలో అనరు కాబట్టి తప్పు అనుకున్నాను. ఆ రోజు తర్వాతైనా మానేశానా అంటే, అత్తగారు వెళ్ళిన వారానికే మళ్ళీ మొదలుపెట్టాను.

వాళ్ళ చదువులో మొట్టమొదట నేర్పేది, తేడా వేరు, లోపం వేరు అని. యాస తేడా. ఒక ఊళ్ళో ఒకలా, ఇంకో ఊళ్ళో ఇంకోలా పలకడం తేడా. వాటికి వైద్యం అక్కర్లేదు. లోపానికి మాత్రమే థెరపీ. ఇది నాకు చెప్తూ మా అమ్మాయి నన్ను నిందించలేదు, పరీక్షకి చదువుకుంటూ మామూలుగా చెప్పింది. నేనే లోపల లెక్క వేసుకున్నాను. లోపం కాని దాన్ని ఇన్నేళ్ళు దిద్దాను.

ఈ కోర్సులో చేరతానన్నప్పుడు ముందు వద్దన్నదీ నేనే. ఇంటర్ మార్కులు బాగా వచ్చాయి, ఇంజనీరింగ్ సీటు వచ్చేది. నాలుగేళ్ళు చదివి, అందులో ఒక ఏడాది ఇంటర్న్‌షిప్ చేసి, పిల్లలకి మాటలు నేర్పే ఉద్యోగమా అని ఏడ్చాను కూడా. పిల్లలకి మాటలు మాత్రమే కాదని తర్వాత తెలిసింది. పక్షవాతం వచ్చి మాట పోయినవాళ్ళు, మింగుడు పడనివాళ్ళు, నత్తి ఉన్నవాళ్ళు, గ్రహణం మొర్రి పిల్లలు, గొంతు పోగొట్టుకున్న టీచర్లు, అందరూ వీళ్ళ దగ్గరికే వస్తారు. ఇప్పుడు అది వద్దంటుంటే వెళ్ళు వెళ్ళు అని వెంటపడుతున్నదీ నేనే. ఆ సాయంత్రం గదిలోకి వెళ్ళి లెక్కలు చెప్పాను. 2011 జనాభా లెక్కల్లో మాటకు సంబంధించిన వైకల్యం ఉన్నవాళ్ళు మన దేశంలో దాదాపు 20 లక్షలు, వినికిడి లోపం ఉన్నవాళ్ళు 50 లక్షలు, నీలాంటి వాళ్ళు ఎంతమంది కావాలో చూడు అన్నాను. అది నా వైపు చూసి, "వాళ్ళలో ఒక్క తెలుగు అమ్మ ఇవాళ నా ముందు కూర్చుంది కదమ్మా" అంది.

ఇలాంటి స్థితిలో ఉన్న మిగతా తల్లిదండ్రులకి నాకు తెలిసింది చెప్తాను. మన దేశంలో బీఏఎస్‌ఎల్‌పీతోనే ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) రిజిస్ట్రేషన్ చేయించుకుని పని చేసుకోవచ్చు. కాబట్టి పీజీకి తొందరపెట్టాల్సిన పని లేదు, ఒకటి రెండేళ్ళు పని చేసి తేల్చుకోనివ్వండి. ఇక్కడే పీజీ అంటే రెండేళ్ళు. మైసూరులో 1965 నుంచి ఉన్న అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ, వీళ్ళంతా ఆయిష్ అని పిలిచేది, మనకి రైల్లో వెళ్ళొచ్చేంత దూరంలోనే ఉంది. అమెరికాలో అలా కాదు. మాస్టర్స్ లేకుండా పూర్తి స్థాయి స్పీచ్ పాథాలజిస్టు కాలేరు. అక్కడి స్పీచ్ థెరపిస్టుల సంఘం ఆశా ఇచ్చే సర్టిఫికెట్ కావాలంటే 400 గంటల క్లినికల్ పని ఉండాలి, అందులో 25 గంటలు చూడటం, 375 గంటలు స్వయంగా చెయ్యడం. ఆ తర్వాత కనీసం 36 వారాల ఫెలోషిప్, అంటే ఒకరి పర్యవేక్షణలో ఉద్యోగం, 1,260 గంటలు. ప్రాక్సిస్ అనే అర్హత పరీక్ష, రాష్ట్రం లైసెన్సు వేరే. వేరే డిగ్రీ నుంచి వచ్చేవాళ్ళైతే ముందు కావలసిన సబ్జెక్టులు విడిగా చదవాలి. లోను తీసుకునే ముందు ఇవన్నీ కాగితం మీద రాసుకోండి. పిల్లలకి సందేహం వస్తే వాదించకండి.

వాదించకండి అని రాశాను గానీ, వాదించకుండా ఉంటే వదిలేసినట్టు అవుతుందా? నేను వెళ్ళమనేది దాని కోసమేనా? ఆ పేజీ మీద తను మా ఇంటి కథ రాస్తే, మా వాడి విషయంలో చేసిన పని ఎక్కడో ఒకచోట మంచికే వచ్చిందని నా మనసుకి ఊరట కలుగుతుంది. ఆ ఊరట కోసం దాని జీవితం అడుగుతున్నానేమో. అది చేతకాక వద్దంటోందా, ఇష్టం లేక వద్దంటోందా, నా దిద్దుబాట్లకి భయపడి వద్దంటోందా, నాకు తెలియడం లేదు. మూడోదే అయితే, నేను ఎంత ప్రోత్సహిస్తే అంత భయం. ఆయన "దాన్ని వదిలెయ్, అదే చూసుకుంటుంది" అంటారు. ఆయనంత తేలిగ్గా నేను ఉండలేను.

మొన్న రాత్రి పన్నెండింటికి నీళ్ళకి లేస్తే భోజనాల బల్ల మీద దాని నోట్‌బుక్ తెరిచి ఉంది. కన్నడ అక్షరాలు. ఏదో క్లినిక్ పని అనుకున్నాను. ఇన్నేళ్ళు బస్సు బోర్డులు చదివి నాకూ కన్నడ చదవడం వచ్చింది. ఊరికే కళ్ళతో తడుముతుంటే మూడో మాట దగ్గర తెలిసింది, అక్షరాలే కన్నడవి, భాష తెలుగు. తలకట్లన్నీ కన్నడ పద్ధతిలో కుడివైపుకి అడ్డంగా గీసి, కింద ఒత్తులు జాగ్రత్తగా పెట్టి, ఒక్కో వాక్యం రెండేసి సార్లు రాసుకుంది.

"మానెయ్యొద్దండీ. ఇంట్లో మీకు ఏ భాష బాగా వస్తే అదే మాట్లాడండి. స్నానం పోసేటప్పుడు, అన్నం పెట్టేటప్పుడు, పాట పాడేటప్పుడు. మాటలు బేగ రాకపోయినా భయపడకండి. మేమున్నాం."

పెన్ను పక్కనే ఉంది. చెయ్యి దాని మీదికి వెళ్ళింది, ఆ ఒక్క మాట కొట్టేసి పైన 'త్వరగా' అని రాయడానికి. ఎంతసేపు అలా నిలబడ్డానో తెలియదు. నోట్‌బుక్ ఎలా ఉందో అలాగే ఉంచి, లైటు ఆర్పి వచ్చేశాను.

పొద్దున్న కాఫీ తాగుతూ తనే అడిగింది: "అమ్మా, భయపడకండి అనాలా, కంగారు పడకండి అనాలా?"

ఇద్దరం దాని మీదే అరగంట కూర్చున్నాం. భయం అంటే ఆవిడకి ఇంతవరకూ లేనిది మనమే పుట్టించినట్టు ఉంటుందని తను అంది. కంగారు అయితే ఇంట్లో మనిషి చెప్పినట్టు ఉంటుందని నేనన్నాను. కంగారే రాసుకుంది. అప్లికేషన్ సంగతి తను ఎత్తలేదు, నేనూ అడగలేదు. ఆ బాబు మళ్ళీ మంగళవారం వస్తున్నాడట.